బండి కడుపులో ఆరేళ్ల నీళ్లు

ఏప్రిల్ 27, 2003. ధవళేశ్వరం

వచ్చేసింది!

చేపల వ్యానులో, ఐసు తడి ఆరని చెక్కల మీద బోర్లా పడుకుని వచ్చింది. దించడానికి నలుగురం పట్టాం. నా నడుము కలుక్కుమంది, ఎవరికీ చెప్పలేదు. భీమవరం దుర్గాప్రసాదరాజు గారు మాట నిలబెట్టుకున్నారు. "ఆరేళ్ల నుంచి మా పశువుల పాకలో పడుందండి జగన్నాథరావు గారూ. కోళ్లు దాంట్లో గుడ్లు పెడుతున్నాయి. మీరు దాన్ని తేల్చండి, దాని మీద మొదట నిలబడేది మీరే. ఆయ్!" అని ఫోన్లో ఒకటే నవ్వు.

జెట్ స్కీ. కూర్చుని నడిపేది కాదు, నిలబడి నడిపేది. సీటన్నదే లేదు. ముందు నుంచి ఒక పొడుగాటి హ్యాండిలు లేస్తుంది, వెనక తొట్టిలాంటి చోట రెండు కాళ్లు పెట్టి నిలబడాలి. రాజుగారు ఎప్పుడో పోర్టు వేలంలో ముచ్చటపడి కొని రెండేళ్లు ఉప్పుటేరులో తిప్పారట. తర్వాత ఇది మెల్లమెల్లగా మునగడం మొదలెట్టింది. చిల్లు ఎక్కడుందో ఎవరికీ దొరకలేదు. పాకలో పడేశారు.

ముప్పై నాలుగేళ్లు ఇరిగేషన్ వర్క్‌షాపులో లాంచీలు బాగుచేసినవాణ్ణి. ఫిబ్రవరి ఆఖరున దండ వేసి, శాలువా కప్పి, ఇంటికి పంపారు. మార్చి అంతా ఏం చేశానా అని ఇప్పుడే ఈ పుస్తకం తిరగేశాను. ఒక్క అక్షరం లేదు.

రామతులసి పెరట్లోకి వచ్చి చూసి, "ఏంటండీ ఇది, పశువులకి కుడితి తొట్టా?" అంది. ఆవిడకేం తెలుసు. రాత్రి అన్నం కూడా సహించలేదు నాకు, ఆనందంతో.

ఏప్రిల్ 28

పాత ఇనప సామాన్ల కొట్టు కాటా మీద పెట్టాం. నూట డెబ్బై ఒక్క కేజీలు! దాంతో వచ్చిన జపాను కంపెనీ పుస్తకంలో నూట ఇరవై రెండని ఉంది. ట్యాంకు ఖాళీ. అడుగున చుక్క నీళ్లు లేవు. గుడ్లు కూడా తీసేశాం, నాలుగు.

"జపానోళ్లు తప్పు రాశారేమోనండి గురువుగారూ" అన్నాడు బుల్లబ్బాయి. వీడు ఒకప్పుడు వర్క్‌షాపులో నా దగ్గర పని నేర్చుకున్నవాడే. ఇప్పుడు ఐసు ఫ్యాక్టరీలో కోల్డ్ రూములు చూస్తాడు. నలభై ఎనిమిదేళ్లొచ్చాయి, ఇంకా నా ముందు బీడీ వెలిగించడు.

నేను వేలి కణుపులతో దాని ఒళ్లంతా కొట్టుకుంటూ వెళ్లాను. వెనక టక్ టక్. పక్కల్లోనూ ముందూ డుబ్ డుబ్. నాకు అర్థమైపోయింది! ఇది మునక్కుండా తేలాలని లోపల ఫోమ్ నింపుతారు. ఆ ఫోమే ఏళ్ల తరబడి నీళ్లు తాగేసి కూర్చుంది. తేల్చాల్సిందే ముంచేస్తోంది. చిల్లు కోసం ఇన్నాళ్లూ వెతికినవాళ్లంతా వట్టి వెర్రివాళ్లు!

"ఒరేయ్, దీని కడుపులో యాభై కేజీల నీళ్లున్నాయిరా" అన్నాను. బుల్లబ్బాయి నోరు తెరిచాడు. ఆ మొహం చూసి నాకు పాతికేళ్ల వయసు వెనక్కొచ్చింది.

ఏప్రిల్ 30

రామతులసి మళ్లీ మొదలెట్టింది. టీవీ చూస్తుంటే నా కుడిచెయ్యి మోకాలి మీద దానంతటదే కదులుతోందట. "బీడీలు చుడుతున్నారేంటండీ? నరాల డాక్టరు దగ్గరికి వెళ్దాం. రాజమండ్రే కదా, అరగంట."

ముప్పై నాలుగేళ్లు స్పానర్లు తిప్పిన చెయ్యి, ఖాళీగా ఉంటే ఊరుకుంటుందా? పని అడుగుతోంది. సాక్ష్యం ఏంటంటే పనిలో ఉన్నప్పుడు కదలదు. నేనే గమనించాను. స్పానరు పట్టుకోగానే బుద్ధిగా ఉంటుంది. జబ్బయితే అలా ఎందుకుంటుంది?

ఆవిడ వదల్లేదు. చివరికి, "ఈ బండి నీళ్ల మీద తేలిన మర్నాడే వస్తాను, సరేనా?" అన్నాను.

"నామీద ఒట్టు?"

"ఒట్టు."

గెలిచాననుకుని వెళ్లిపోయింది పిచ్చిది.

మే 3

ఇంజను దించాం. లోపలి మూత కోశాం. ఫోమ్ చూస్తే కుళ్లిన పనసతొన రంగులో ఉంది. తవ్వడానికి బుల్లబ్బాయి ఉలి తెచ్చాడు, పని చెయ్యలేదు. నాకు బుర్రలో మెరిసింది. వంటింట్లో కొబ్బరి కోరాం! పళ్లున్న ఆ బిళ్ల ఊడదీసి కర్రకి కట్టాను. అబ్బ, ఏం తవ్విందీ! పెచ్చులు పెచ్చులుగా ఊడి వస్తోంది.

ఒక ముక్క పిండితే చెంబులో సగానికి నీళ్లు. నాలుక మీద వేసుకున్నాను. ఉప్పగా ఉంది! ఆరేళ్ల నాటి ఉప్పుటేరు, ఇంకా లోపలే ఉంది. బుల్లబ్బాయి కూడా రుచి చూశాడు. ఇద్దరం పిచ్చివాళ్లలా నవ్వాం.

మే 4

కొబ్బరి కోరాం సంగతి తెలిసిపోయింది. ఈ పూట వంట లేదు.

మే 9

మొత్తం ఊడ్చేశాం. తడి ఫోమ్ రెండు గోతాలు దాటింది. మళ్లీ కాటా. దించిన ఇంజనుతో కలిపి బండి నూట పద్దెనిమిది! ఇద్దరమే ఎత్తి వ్యానులో పెట్టేశాం. పిల్లకి పురుడొచ్చినంత హాయిగా ఉంది.

పొద్దున పేపరు చదువుతుంటే పేపరు చప్పుడు చేస్తోందని రామతులసి ఫ్యాను ఆపేసింది. ఫ్యాను ఆపినా చప్పుడైంది. కిటికీ గాలి.

మే 11

కొత్తది ఏం నింపాలన్న దాని మీద పెద్ద వాదన. బుల్లబ్బాయి అంటాడు, కోల్డ్ రూము గోడల్లో పోసే ఫోమే పోద్దామని. రెండు డబ్బాల్లో రెండు ద్రవాలు. సమానంగా కలిపి పోస్తే పొంగి గట్టిపడుతుంది. సందుసందుకీ వెళ్తుంది, నీళ్లు పీల్చదు. "కాకపోతే ఇరవై లెక్కపెట్టేలోగా కలిపి పోసెయ్యాలండి. చెయ్యి చురుగ్గా ఉండాలి. ఆగకూడదు."

చెయ్యి, చెయ్యి. ఈ మధ్య అందరికీ చెయ్యే దొరికింది.

నేను థర్మోకోలన్నాను. చేపల పెట్టెలుండగా ఇంకోటెందుకు? మన డెల్టా అంతా చేప ప్రయాణం చేసేది ఆ తెల్ల పెట్టెల్లోనే కదా. నీళ్లలో వేస్తే బంతిలా తేలుతుంది. ముక్కలు కోసి కూరితే సరి.

"అది వద్దండి గురువుగారూ, ఇంజను పక్కన..." అని ఏదో అనబోయాడు.

"నువ్వు నాకు చెప్తావేంట్రా?" అన్నాను. థర్మోకోలే మంచిది. తేలిక. పైగా నిదానంగా చేసుకోవచ్చు.

మే 15

సంతలో చేపలమ్మే వీరమ్మ విరిగిన పెట్టెలు పాతిక ఇచ్చింది. "ఎందుకు బాబూ ఇన్ని?" అంది. పడవ చేస్తున్నానన్నాను. "వీటితోనా?" అని బుగ్గన చెయ్యి పెట్టుకుంది.

కోసి, కూరి, పైన ప్లైవుడ్ మూత బిగించి, అంచులకి సీలు పూశాం. బ్రహ్మాండంగా కుదిరింది. ఒకటే ఇబ్బంది, పేటలో పిల్లులన్నీ మా పెరట్లోనే ఉన్నాయి. మొత్తం తొమ్మిది. బండి చుట్టూ కూర్చుని దాన్నే చూస్తున్నాయి.

మే 18

ఇంజను ఎక్కించాం. సీసాలోంచి పెట్రోలు అందిస్తే ఆరేళ్ల తర్వాత మొదటిసారి దగ్గింది, మూడోసారికి అందుకుంది! ఆ చప్పుడుకి పిల్లులన్నీ గోడ దూకాయి. నాకు ఒళ్లు పులకరించింది.

బుల్లబ్బాయి డ్యూటీకి వెళ్లాక పెట్రోలు పైపులు నేనే బిగించాను. ట్యాంకు దగ్గర క్లిప్పు స్క్రూ మరీ చిన్నది. స్క్రూడ్రైవరు మూడుసార్లు జారింది. చేతికి నూనె. వేళ్లతో తిప్పి వదిలేశాను. రేపు గట్టిగా బిగించాలి.

రామతులసి ఈ పుస్తకం దూరం నుంచి చూసి, "ఏంటండీ, అక్షరాలు చీమల్లా అయిపోయాయి?" అంది. నిజమే, చిన్నవవుతున్నాయి. మంచిదే. పుస్తకం ఎక్కువ రోజులొస్తుంది.

మే 24

ట్యాంకు నింపి వ్యానెక్కించాం. రేపు రాజుగారి చేపల చెరువులో పరీక్ష. గోదాట్లో అయితే లోతని రాజుగారే అక్కడికి రమ్మన్నారు. వేసవి కదా, కాలువలకి నీళ్లు ఎలాగూ కట్టేసి ఉన్నాయి.

పెట్రోలు వాసనొస్తోందన్నాడు బుల్లబ్బాయి. కొత్తగా పోస్తే వాసన రాక అత్తరు వస్తుందేంట్రా అన్నాను. నిద్ర పట్టేలా లేదు. రేపీపాటికి!

మే 25

ఎలా రాయను.

గట్టు మీద కుర్చీలు వేశారు. రాజుగారు, ఆయన భార్య జానకీదేవి గారు, చెరువు పనివాళ్లు ఓ పదిహేను మంది. ముంజలు, కొబ్బరినీళ్లు, పెళ్లి సందడి. నడుముల్లోతు నీళ్లలోకి దించాం. స్టార్టు చేశాను. మోకాళ్ల మీద కూర్చుని ఒక చుట్టు తిరిగాను! చేపలు రెండువైపులా ఎగిరిపడుతున్నాయి. ఒకటి వచ్చి నా ఒళ్లోనే పడింది. గట్టు మీద ఈలలు. రెండో చుట్టుకి దాని ముక్కు వంగడం మొదలైంది. మూడో చుట్టు లేదు. ముక్కు నీళ్లలోకి, తోక ఆకాశంలోకి, నేను బురదలోకి.

గట్టుకి లాగి మూత తీశాం. పెట్రోలు గుప్పుమంది. థర్మోకోల్ లేదు! పాతిక పెట్టెల థర్మోకోల్, అడుగున చారెడు బంక. జీడిపాకం లాంటిది వేళ్లకి అంటుకుంటోంది. ట్యాంకు దగ్గర క్లిప్పు వదులై, రాత్రంతా చుక్కచుక్కగా, పొద్దున దారిలో వ్యాను కుదుపులకి ధారగా పెట్రోలు కారి, సీలు కిందనుంచి లోపలికి దిగి, మొత్తం తినేసింది. ఇంజను వేడికి అంటుకోనందుకు సంతోషించాలి.

అందరూ నన్నే చూస్తున్నారు. "క్లిప్పు ఎవరు బిగించారండి?" అన్నారు రాజుగారు, మామూలుగానే.

"వీడే" అన్నాను. "ఒరేయ్ బుల్లబ్బాయ్, క్లిప్పు బిగించడం కూడా రాదట్రా నీకు? ముప్పై ఏళ్లు నేర్పింది ఇదా?" ఇంకా ఏవో అన్నాను. చాలా అన్నాను.

వాడు నా వంక చూసి, చేతులు లుంగీకి తుడుచుకుని, గట్టు మీద నుంచే రోడ్డెక్కి వెళ్లిపోయాడు. తిరిగి వచ్చేటప్పుడు వ్యానులో నేనూ, డ్రైవరూ, బంకా.

మే 26

క్లిప్పు వాడే బిగించాడు.

మే 28

క్లిప్పు బుల్లబ్బాయే బిగించాడు. నాకు బాగా గుర్తు. నీలం చొక్కా వేసుకుని, వంగి బిగించాడు. అసలు నేను ట్యాంకు వైపే వెళ్లలేదు.

మే 30

రోహిణి కార్తె. ఎండ కాదు నిప్పులు. బండి తుమ్మచెక్క మొద్దులా పడుంది. పిల్లులు కూడా రావడం లేదు.

"బుల్లబ్బాయి రావడం మానేశాడేంటండీ?" అంది రామతులసి.

"నాకేం తెలుసు. వాడి పని వాడిది."

"మరి బండి తేలదా ఇంక?"

"తేలదు."

"అయితే డాక్టరు దగ్గరికీ రారన్నమాట" అని, నా పక్కన కూర్చుని, ఆ కుడిచేతి మీద తన చెయ్యి వేసి గట్టిగా పట్టుకుంది. ఆవిడ చెయ్యి కూడా కదిలింది. ఇద్దరం చూశాం.

జూన్ 1

ఏమీ తోచక ఈ పుస్తకం మొదటి నుంచి చదివాను. చదవకుండా ఉండాల్సింది.

మే 18. "పెట్రోలు పైపులు నేనే బిగించాను. స్క్రూడ్రైవరు మూడుసార్లు జారింది. వేళ్లతో తిప్పి వదిలేశాను. రేపు గట్టిగా బిగించాలి."

నా రాతే. చీమల్లాంటి నా అక్షరాలే. మర్నాడు బిగించినట్టు ఎక్కడా లేదు. నాలుగుసార్లు వెతికాను. నీలం చొక్కా లేదు, ఏమీ లేదు. ఆ రోజు బుల్లబ్బాయి అసలు డ్యూటీలో ఉన్నాడు.

చేతికి నూనె అని రాసుకున్నాను చూడు. ఆ రోజు చేతికి నూనె లేదు. స్క్రూ తిప్పడానికి వేళ్లు మాట వినలేదు. అదీ సంగతి. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

జూన్ 2

పొద్దున్నే ఐసు ఫ్యాక్టరీకి వెళ్లాను. బుల్లబ్బాయి కోల్డ్ రూము తలుపుకి రబ్బరు వేస్తున్నాడు. తల తిప్పకుండా, "చెప్పండి" అన్నాడు. గురువుగారూ అనలేదు. ముప్పై ఏళ్లలో మొదటిసారి.

"క్లిప్పు నేనే బిగించానురా. బిగించడం కాదు, బిగించలేకపోయాను. నా చెయ్యి సరిగ్గా లేదు. చాలా రోజుల నుంచీ లేదు. అది బయటపడుతుందని నీమీదకి తోసేశాను."

వాడు రబ్బరు కింద పెట్టాడు. వీడికి ముందే తెలిసే ఉంటుంది, నవ్వేస్తాడు అనుకున్నాను. వాడి కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నేనే బిగించి మర్చిపోయాననుకున్నానండి" అన్నాడు. "మీరు అంత గట్టిగా అంటే మరి నేనే అయ్యుంటానని. వారం నుంచీ నిద్ర లేదండి. ఇక్కడ బిగించిందే మళ్లీ బిగిస్తున్నాను. నిన్న ఒకే బోల్టు ఆరుసార్లు చూసుకున్నాను."

వాడు నా మాటని వాడి కళ్ల కంటే ఎక్కువ నమ్మాడు. దానికి నేను చేసిన నిర్వాకం ఇది.

"తప్పయిపోయిందిరా" అన్నాను.

"ఇక్కడ చెప్తే ఏంటండి లాభం? ఇక్కడ ఐసుగడ్డలున్నాయి" అన్నాడు. "తిట్టింది రాజుగారి గట్టు మీద కదండి."

జూన్ 5

వెళ్లాం. బస్సులో ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం, రెండున్నర గంటలు. పనివాళ్లు మేత వేస్తున్నారు. రాజుగారు కుర్చీ వేయించారు. నేను కూర్చోలేదు.

"రాజుగారూ, మొన్న ఇక్కడ నేను అబద్ధం చెప్పానండి. ఆ క్లిప్పు నేను వదిలేసింది. బుల్లబ్బాయి తప్పు ఇసుమంతైనా లేదు. నాకు చెయ్యి వణుకుతోంది. వేళ్లు తిరగడం లేదు. ఒప్పుకోలేక వాణ్ణి తిట్టాను." పనివాళ్లకి కూడా వినపడేలా అన్నాను. గొంతు పైకే వచ్చింది. ఆశ్చర్యం.

అప్పుడే జానకీదేవి గారు కాఫీ పంపారు. కప్పూ సాసరూ. నాలుగు నెలలుగా కప్పూ సాసరూ ఇచ్చే ఇంట్లో నేను కాఫీ తాగడం లేదని ఎవరికి తెలుసు? అందుకున్నాను. గలగలమంది. ఎడమచెయ్యి అడ్డం పెట్టుకోలేదు. గలగలమననిచ్చాను. అందరూ విన్నారు.

రాజుగారు, "సరే లేండి. నా చేపలకి పెట్రోలు ఎవరు తాగించారో ఇప్పటికి తేలింది. మరి బండి ఎప్పుడు తేలుతుంది?" అన్నారు.

పక్క నుంచి బుల్లబ్బాయి, "గురువుగారూ, కాఫీ చల్లారిపోతోందండి" అన్నాడు.

ఆ కాఫీలో పంచదార ఎక్కువైంది. ఇంత మంచి కాఫీ నా జన్మలో తాగలేదు.

జూన్ 8

మళ్లీ మొదలు! బంకంతా గీకేశాం. రామతులసి తనే కొబ్బరి కోరాం తెచ్చి ఇచ్చి, "ఇంక ఇది మీకే, నాకొద్దు" అంది. ట్యాంకు క్లిప్పు బుల్లబ్బాయి బిగించాడు. నేను లైటు పట్టుకున్నాను. లైటు కదిలింది. "కాస్త ఇటండి" అన్నాడు, అంతే.

జూన్ 11

ఫోమ్ పోశాం! ఎంత రాసినా తక్కువే.

ఈ ఎండకి ద్రవాలు వేడెక్కితే కప్పులోనే పొంగిపోతాయట. అందుకని కోల్డ్ రూము వాళ్లు వేసవిలో డబ్బాలు ఐసులో పెట్టుకుని పోస్తారు. వీరమ్మని ఇంకో పెట్టె అడిగి తెచ్చి, ఐసు వేసి అందులో పెట్టాం. మరీ చల్లబడకూడదు, అలా అని వేడీ ఉండకూడదు. బుల్లబ్బాయి డబ్బా మీద చెయ్యి పెట్టి, జ్వరం చూసినట్టు చూసి, ఊఁ అంటాడు.

మొదటి కప్పు నేనే పోస్తానన్నాను. పొయ్యండి అన్నాడు. ఒకటి తేనె రంగు, ఇంకోటి బెల్లప్పాకం రంగు. కలిపాను. పద్దెనిమిది లెక్కకి వంచాలి. చెయ్యి వంగలేదు. వంగమంటే ఆలోచిస్తోంది. ఇరవై ఐదు. ఇడ్లీ పిండి పొంగినట్టు కప్పులోంచి పొంగి, నా చెయ్యి మీదికెక్కి, అక్కడే గట్టిపడిపోయింది. కప్పు ఊడదు! చేతికి కప్పు మొలిచింది. బుల్లబ్బాయి బిక్కమొహం వేశాడు. నాకు నవ్వొచ్చేసింది. కళ్లమ్మట నీళ్లొచ్చేదాకా నవ్వాను. రామతులసి కొబ్బరినూనె పోసి, తిట్టి, లాగి ఊడదీసింది.

రెండో కప్పు వాడి చేతికిచ్చాను. నేను లెక్కపెట్టాను. గట్టిగా, గడియారంలా. పోసిన ప్రతిసారీ బండి ఒంటి మీద కణుపులతో కొట్టి విన్నాను. "ఇక్కడ డొల్లరా. ఇక్కడ చిన్న బెజ్జం పెట్టు. ఇప్పుడు పొయ్యి." నేను చెప్పిన చోటల్లా డొల్లే ఉంది! వాడికి వినపడదు ఆ తేడా. "ఎలా తెలుస్తోందండి బాబూ మీకు?" అన్నాడు. పద్నాలుగు కప్పులు. మూలమూలకీ వెళ్లింది. సాయంత్రానికి ఎక్కడ కొట్టినా టక్ టక్ టక్.

చెవులున్నాయి నాకు. నోరుంది. ఇన్నాళ్లూ ఒక్క చెయ్యినే పట్టుకుని ఏడ్చాను.

జూన్ 15

కాలువలకి నీళ్లు వదిలారు. బండి తూకం నూట ఇరవై ఆరు. జపానోళ్లు నిజమే రాశారు.

జూన్ 18

పెరట్లో రోకలి మీద పలక వేసుకుని నిలబడటం సాధన చేస్తున్నాను. "మోకాళ్లు వంచండి గురువుగారూ" అని బుల్లబ్బాయి రోజుకి వందసార్లు అంటాడు. పక్కింటివాళ్లు గోడెక్కి చూస్తున్నారు. చూడనీ.

రామతులసి క్యాలెండరు ముందు నిలబడి, "ఆదివారం పరీక్ష అయితే డాక్టరు సోమవారమా?" అంది. "సోమవారమే" అన్నాను. ఇదే మాట మే నెలలో అనాల్సొస్తే బండికి నేనే చిల్లు పెట్టేవాణ్ణేమో. రాస్తుంటే తెలుస్తోంది.

జూన్ 22

తేలింది!

బ్యారేజీకి పైన రేవులో. ఇంకో రెండు వారాలు పోతే వరద ఎర్రనీరొస్తుంది, ఇప్పుడింకా గోదారి అద్దంలా ఉంది. రేవులో పడవ నడిపే గంగయ్య నావ పక్కన తాడుతో సిద్ధంగా ఉంది. రాజుగారు భీమవరం నుంచి దిగారు. దించగానే ముందు వాసన చూశాను. తర్వాత చెవి ఆనించి విన్నాను. తర్వాత చూశాను. బండి పక్కన ఉండే తెల్ల గీత నీళ్ల మీద నాలుగు వేళ్లు పైనే ఉంది! గంటసేపు అలాగే వదిలేశాం. కదల్లేదు. నాలుగు వేళ్లే.

"ఎక్కండి మరి, మాటిచ్చాను కదా" అన్నారు రాజుగారు.

మోకాళ్ల మీద మొదలెట్టాను. లేవబోయాను, పడ్డాను. బండి మునగలేదు. నెమ్మదిగా తిరుగుతూ నాకోసం ఆగింది. మళ్లీ ఎక్కాను, పడ్డాను. అయిదుసార్లు. గోదారి నీళ్లు ఓ బిందెడు తాగాను. ఆరోసారి లేచేటప్పుడు రేవు మెట్ల మీద నుంచి ఒక గొంతు: "ఏవండీ! మోకాళ్లు వంచండీ!"

రామతులసి. పమిట నడుముకి దోపుకుని, మోకాలిలోతు నీళ్లలో నిలబడి అరుస్తోంది. ముప్పై మూడేళ్ల కాపరంలో నలుగురిలో గొంతెత్తడం నేను వినలేదు.

వంచాను. నిలబడ్డాను!

బుల్లబ్బాయి నావలో నుంచి లెక్కపెట్టాడట. నలభై మూడు. నలభై మూడు లెక్కల సేపు గోదారి మీద నిలబడ్డాను, యాభై ఎనిమిదేళ్లవాణ్ణి! గాలి, నీళ్లు, ఇంజను హోరు. నేను కూడా అరిచాను, ఏమని అరిచానో తెలీదు. కుడిచెయ్యి థ్రాటిలు మీద ఉంది. ఒక్క రవ్వ వణకలేదు. దాన్ని చూసి ఈసారి సంబరపడలేదు. పనిలో ఉంటే వణకదు, అది దాని పద్ధతి. జబ్బు లేదని కాదు.

తర్వాత బుల్లబ్బాయి ఎక్కాడు. తొమ్మిది లెక్కలకి పడ్డాడు. బాగా అయింది.

జూన్ 23

రాజమండ్రి. నరాల డాక్టరు గారు కుర్రవాడే. నడవమన్నాడు, వేళ్లు ఆడించమన్నాడు. తర్వాత తెల్లకాగితం ఇచ్చి, "ఏదైనా ఒక మాట నాలుగైదుసార్లు రాయండి" అన్నాడు.

బండి తేలింది అని రాశాను. బండి తేలింది. బండి తేలింది. బండి తేలింది. నాలుగోసారికి సగానికి చిక్కిపోయింది. ఆయన దాని కింద వేలు పెట్టాడు. రామతులసి చూసింది. నేనూ చూశాను. చీమలు. మే నెల నుంచి నా పుస్తకంలో పాకుతున్న చీమలే.

జబ్బు పేరు చెప్పాడు. మాత్రలున్నాయి, అదుపులో ఉంటుంది, పూర్తిగా పోదు అన్నాడు. "మా బండికి చేసినట్టు తవ్వి తీసేసి కొత్తది పొయ్యడానికి కుదరదాండి?" అని అడిగాను. ఆయనకి అర్థం కాలేదు. ఏ బండి అన్నాడు. చెప్పడం మొదలెట్టాను. బయట పేషెంట్లు తలుపు కొడుతున్నా పావుగంట విన్నాడు. చివరికి, కుదరదండి అన్నాడు.

మెట్లు దిగుతుంటే భయం వేసింది. రాసుకుంటున్నాను, ఈసారి నూనె అనను. భయం వేసింది. రామతులసి చెయ్యి పట్టుకుని బస్టాండు దాకా నడిచాను. ఆవిడ వదల్లేదు, నేనూ వదల్లేదు.

జూన్ 29

ఇది కొత్త పుస్తకం. రోజూ పెద్ద అక్షరాలతో ఒక పేజీ రాయమన్నాడు డాక్టరు. రామతులసి బడిపిల్లలు రాసుకునే కాపీ పుస్తకం తెచ్చింది, రెండు గీతల మధ్య నిండా రాయాలి. అట్ట మీద కుందేలు బొమ్మ. పేరు దగ్గర తనే రాసింది: జగన్నాథరావు, ఒకటో తరగతి. ఎటకారం!

రాజుగారు ఫోన్ చేశారు. నరసాపురంలో ఆయన బావమరిదికి కూడా ఇలాంటి బండే ఉందట, అదీ మునిగిపోతోందట. రేపు వ్యానులో వస్తోంది. క్లిప్పులు బుల్లబ్బాయి బిగిస్తాడు. లెక్క నేను పెడతాను. వీరమ్మకి ఐసు పెట్టె చెప్పాను.

ఇంత పెద్ద అక్షరాలతో రాస్తే పుస్తకం పదిహేను రోజులు కూడా రాదు. ఆ మాటే అంటే రామతులసి వెళ్లి, బీరువాలోంచి ఇంకో డజను తెచ్చి బల్ల మీద పెట్టింది.